చేతులు మాత్రం నావి

ఏప్రిల్ 6, 1924. ఆదివారం. బోస్టన్.

ఇవాళ పత్రికలో మా ఆయన ఆల్వా గురించి పేజీ నిండా రాశారు. శీర్షిక "కుంచె పట్టి యాభై ఏళ్లు". పక్కన పాతికేళ్ల కిందటి ఫొటో. చర్చి మెట్ల మీద అందరూ ఆ కాగితాన్ని ఊపుతూ నా చెయ్యి పట్టుకుని అభినందించారు. ఇంటికి రాగానే చేతి తొడుగులు ఉతకడానికి వేశాను.

పత్రికవాడు చేసిన తప్పులు ఎవరికీ చెప్పను. నా మనసు కుదుటపడటానికి ఇక్కడ సరిచేసి ఉంచుతాను.

ఆల్వా కెంప్టన్ పాత బోస్టన్ వంశంలో పుట్టలేదు. న్యూ హాంప్‌షైర్‌లో రాళ్లు తప్ప ఏమీ పండని పొలంలో పుట్టాడు. ఆ "చిన్ననాటి ప్రతిభ" గుర్రపు బళ్ల చక్రాలకు ఎర్రగీతలు గీయడంలో బయటపడింది. తర్వాత ఊళ్లు పట్టుకు తిరుగుతూ చనిపోయిన పిల్లల బొమ్మలు వేశాడు. శవపేటికలో బిడ్డను చూసి, కాన్వాసు మీద కళ్లు తెరిపించి, బుగ్గలకు రంగు పూసి, చేతిలో బంతి పెట్టేవాడు. తల్లులు ఏడుస్తూ తన చేతులు ముద్దుపెట్టుకునేవారని ఇప్పటికీ భోజనాల బల్ల దగ్గర చెబుతాడు. వినేవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. నేను లేచి పళ్లేలు తీసేస్తాను. పారిస్‌లో చదివింది అయిదేళ్లు కాదు, పంతొమ్మిది నెలలు. గవర్నర్లను, న్యాయమూర్తులను, కాలేజీ అధ్యక్షులను, వాళ్ల భార్యలను వేశాడన్నది మాత్రం నిజం. వాళ్లలో ఒక్కరికీ గడ్డం కింద వేలాడే చర్మం ఉండదు. అందుకే అందరూ ఆల్వా దగ్గరికే వచ్చారు.

చివరి వాక్యం: "శ్రీమతి లుక్రీషియా కెంప్టన్ ఆయనకు ప్రేరణ."

నేను ప్రేరణను కాను, చేతులను. పెద్దింటి ఆడవాళ్లు ముఖం కోసం నాలుగైదుసార్లు కూర్చుంటారు. చేతుల కోసం కూర్చునే ఓపిక వాళ్లకు ఉండదు. గౌను, ఉంగరాలు, విసనకర్ర మా ఇంట్లో వదిలి వెళతారు. వాళ్ల పౌడరు వాసన కొట్టే ఆ గౌను తొడుక్కుని నేను కూర్చుంటాను. పెళ్లయిన ఏడాది మొదలుపెట్టాం, నలభై ఒక్క ఏళ్లయింది. ఈ నగరంలో ఏ పెద్దింటికి భోజనానికి వెళ్లినా, ఎవరెవరి ముఖాల కిందనో నా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంటాయి. మగవాళ్లకు తన చేతులే అద్దంలో చూసి వేస్తాడు. మన న్యాయమూర్తులందరివీ బళ్లకు రంగులేసిన చేతులే.

నా ముఖం ఎప్పుడూ వేయలేదు. "తర్వాత" అన్నాడు.

ఏప్రిల్ 9

ఆల్వా తాగబోయిన సూపు సగం గడ్డం మీదికి, సగం చొక్కా మీదికి పోయింది. కుడిచేతి వణుకు మొదలై రెండేళ్లు. డాక్టరు కొత్త మందు ఇచ్చాడు. కుంచె కింద పెట్టమని కూడా చెప్పాడు. ఆ రెండో మాట ఆల్వాకు వినపడలేదట.

అనాథ బాలికల ఆశ్రమం కమిటీవాళ్లు వచ్చారు. ఆశ్రమం పెట్టిన మిసెస్ ఆగస్టా హోల్‌బ్రూక్ రూపచిత్రం కావాలట, సెప్టెంబరులో ఆవిష్కరణ. ఆల్వా ఒప్పుకున్నాడు. వణికే చేతిని కోటు జేబులో పెట్టుకుని ఒప్పుకున్నాడు.

ఏప్రిల్ 13, ఆదివారం

మనవరాలు ఇనిడ్‌తో తేల్చేశాను. మా అమ్మాయి పోయాక ఆరేళ్లుగా ఈ పిల్ల మా దగ్గరే పెరిగింది. పంతొమ్మిదేళ్లు. ఫిలడెల్ఫియాలోని చిత్రకళాశాలకు వెళ్తానంటుంది. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు వెళ్లమని నేను. నేనూ పెళ్లికి ముందు లాటిన్ చెప్పినదాన్నే. అది చచ్చేదాకా మనతో ఉండే చదువు.

"ఆ కళాశాలవాళ్లు ఏమడుగుతున్నారు?" అన్నాను.

"ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని వేసిన బొమ్మ ఒకటి, అమ్మమ్మా. పూర్తిగా నా చేత్తో వేసింది. సెప్టెంబరు పదిహేనులోగా అందాలి."

"అయితే విను. ఆలోగా అలాంటి బొమ్మ వేసి నాకు చూపించు, నేనే రైలెక్కిస్తాను. చూపించలేకపోతే మారు మాట్లాడకుండా శిక్షణకు వెళ్లాలి. సరేనా?"

"సరే."

"సరే అంటే?"

"సరే, అమ్మమ్మా."

ఆల్వా పత్రిక వెనకనుంచి, "నేనుండగా పిల్లకి ఫిలడెల్ఫియా ఎందుకు? అక్కడ నాకన్నా ఎక్కువ తెలిసినవాడెవడు?" అన్నాడు. పత్రిక గలగలమని వణుకుతూనే ఉంది.

మే 5

మిసెస్ హోల్‌బ్రూక్ మొదటిసారి వచ్చి కూర్చుంది. ఎనభై ఒకటో ఏడు, కీళ్లవాపు. చేతికర్రతో మెట్లన్నిటినీ తిట్టుకుంటూ ఎక్కింది. చేతుల కోసం కూర్చోనని ముందే చెప్పేసింది. "నా వేళ్లు అల్లం కొమ్ముల్లా ఉన్నాయి. నీ చేతులే పెట్టించు, లుక్రీషియా. అందరికీ అవేగా!"

ఊరంతటికీ తెలుసన్నమాట.

మే 14

స్టూడియో మా భోజనాల గదికి సరిగ్గా పైన ఉంటుంది. ఆల్వా పని చేసే తీరు ఒకటుంది. బొమ్మ స్టాండును కూర్చున్న మనిషి పక్కనే పెడతాడు. గది అవతలి గోడ దాకా వెనక్కి వెళ్లి, మనిషినీ బొమ్మనూ పక్కపక్కన చూసి, ముందుకు నడిచి వచ్చి ఒక్క రంగు దెబ్బ వేసి, మళ్లీ గోడ దాకా వెనక్కి నడుస్తాడు. రోజంతా అంతే. పెళ్లయిన నాటినుంచి నా నెత్తిమీద ఆ అడుగుల చప్పుడే. దీపం గాజు చిమ్నీలు గలగలలాడేవి. రెండేళ్లుగా ఆ చప్పుడు లేదు.

ఇవాళ మళ్లీ మొదలైంది. ముందుకు, వెనక్కి. గాజు మాత్రం కదలలేదు.

వంటమనిషి డీలియా బఠాణీలు ఒలుస్తూ పైకి చూసింది. "అయ్యగారు ఈమధ్య పిల్లిలా నడుస్తున్నారేంటమ్మగారూ?"

"కొత్త మందు. తేలికపడ్డారు."

"తేలికపడ్డారా! నిన్న రాత్రి మూడు చేపముక్కలు తిని, నా ముక్క వైపు చూశారు."

"పని చూసుకో, డీలియా."

మందు పనిచేస్తోంది. డాక్టరుకు కృతజ్ఞత చెప్పాలి.

మే 29

మిసెస్ హోల్‌బ్రూక్‌ను కిటికీకేసి ముఖం పెట్టించి, పక్కన మడతతెర నిలబెట్టారు. వెలుతురు కోసమట. ఇదివరకు తెర వాడేవాడు కాదు. ఆల్వా చనిపోయిన పిల్లల కథలు చెబుతున్నట్టున్నాడు, ఆవిడ "ఇక చాలించవయ్యా" అనడం మెట్లమీదికి వినిపించింది. ఇనిడ్ కూడా పైనే ఉంటోంది. కుంచెలు కడుగుతుందట, తాతయ్యకు పత్రిక చదివి పెడుతుందట.

గోళ్ల నిండా రంగు. భోజనానికి కూర్చోబోతే లేపి, చేతులు కడుక్కుని రమ్మన్నాను. వచ్చింది. మళ్లీ పంపాను.

జూన్ 20

"నీ బొమ్మ ఏదీ?"

"అవుతోంది, అమ్మమ్మా."

"చూపించు."

"ఇంకా చూపించేలా లేదు."

అబద్ధమాడితే ఈ పిల్లకు చెవులు ఎర్రబడతాయి. వాళ్లమ్మకూ అంతే. దాని గదిలో వెతికాను. ఒక్క కాన్వాసు లేదు. బొగ్గుతో గీసిన చిత్తు కాగితాలు రెండు, అంతే. తాత పక్కన కూర్చుని పొగడ్తలు వింటూ వేసవి గడిపేస్తోంది. సోమరితనం తండ్రి వైపునుంచి వచ్చి ఉంటుంది.

జూలై 8

విపరీతమైన ఎండ. ఇల్లంతా అవిసె నూనె, టర్పెంటైన్, పాచి చుట్టల కంపు. పాలు విరిగిపోయాయి.

జూలై 15

చేతుల కోసం కూర్చోమని పిలిచాడు. మిసెస్ హోల్‌బ్రూక్ నల్లగౌను ఊపిరాడనంత బరువు, చంకల్లో కర్పూరం వాసన. ఆవిడ భర్త పోయినప్పుడు చేయించుకున్న ఉంగరం నా వేలి కణుపు దగ్గర ఆగిపోయింది. సబ్బు రాసి ఎక్కించాను.

"ముఖం కిటికీ వైపు పెట్టుకో, క్రీషా," అన్నాడు ఆల్వా.

"నా ముఖంతో నీకేం పని? చేతులేగా."

"వెలుతురు."

నా పక్కనా తెర పెట్టారు. వీధిలో ఐసు బండివాణ్ని చూస్తూ కూర్చున్నాను. పక్కన అడుగులు, ముందుకు, వెనక్కి. అడుగుల చప్పుడు కుడివైపునుంచి వస్తోంది, ఆల్వా దగ్గు ఎడమవైపునుంచి. వయసు వచ్చాక చెవులను కూడా నమ్మలేం.

ఉంగరం తీయడానికి వెన్న వాడాల్సి వచ్చింది.

జూలై 30

సెప్టెంబరు పదిహేనో తేదీ లోపల బొమ్మ చూపించకపోతే శిక్షణ కళాశాలకు నేనే దరఖాస్తు పెడతానని ఇనిడ్‌కు గుర్తుచేశాను. తల ఊపింది. చిక్కిపోయింది. ఎందుకు చిక్కిందో అడగలేదు.

ఆగస్టు 19, మంగళవారం

ఆల్వా క్షౌరశాలకు వెళ్లాడు, ఇనిడ్ తోడు వెళ్లింది. కంపు భరించలేక కిటికీలు తెరుద్దామని స్టూడియోలోకి వెళ్లాను. బొమ్మ పూర్తయ్యేదాకా ఎవరూ చూడకూడదన్నది ఆల్వా నియమం. నలభై ఒక్క ఏళ్లు పాటించాను. ఇవాళ గాలి రావాలంటే తెర జరపాలి. జరిపాను.

ముందు చేతులే కనిపించాయి.

రోత పుట్టింది. దాచుకోకుండా రాస్తున్నాను. అసహ్యమైన చేతులు. ఉబ్బిన కణుపులు, వాటిమధ్య పల్చబడిన చర్మం, కింద నీలినరాలు. ఉంగరం కణుపు కింద ఇరుక్కుని, దాని పైన మాంసం కొంచెం పొంగింది. బొటనవేలి పక్కన తెల్లటి మచ్చ, మా అమ్మాయి పుట్టిన ఏడాది పీచ్‌పళ్ల జామ్ పొంగి కాలింది. ఆల్వా వేసే చేతులకు కణుపులుండవు. పైనుంచి కిందికి సన్నబడే మైనపు కొవ్వొత్తుల్లాంటి వేళ్లు, అన్ని బొమ్మల్లో అవే. నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఒకసారి చూసినట్టున్నాడు. ఆ తర్వాత చూడాల్సిన అవసరం రాలేదు.

ఈ మచ్చ అతనికి తెలియదు. తెలిసే అవకాశం లేదు.

తర్వాత ముఖం చూశాను. ఆగస్టా హోల్‌బ్రూక్ ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఇప్పుడే ఎవరినో తిట్టి, ఇంకొకరి కోసం చూస్తున్నట్టు. గడ్డం కింద చర్మం వేలాడుతోంది. అంత మంచి బొమ్మ ఈ ఇంట్లోంచి ఎన్నడూ బయటికి వెళ్లలేదు.

డీలియాను పిలిచి అడిగాను. "నీకు తెలుసా?"

"ఏంటమ్మగారూ?"

"పైన నడిచేది ఎవరు?"

డీలియా మేజోళ్ల వైపు చూసుకుంది. "మందు అన్నారు కదండీ మీరు. పెద్దవాళ్లన్నాక ఎదురు చెప్పడం ఎందుకని ఊరుకున్నాను."

వాళ్లు వచ్చేదాకా మెట్ల కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆల్వా గడ్డానికి సువాసన నూనె రాయించుకుని వచ్చాడు.

"ఆ బొమ్మ ఎవరు వేశారు?"

టోపీ తీశాడు, కొక్కేనికి తగిలించబోయాడు, కింద పడింది. "ప్రతి గొప్ప చిత్రకారుడికీ సహాయకులుంటారు, క్రీషా. ఇది ఈ వృత్తిలో ఉన్నదే."

"సహాయకులు తెరల మడతలు వేస్తారు. ఇక్కడ ముఖం ఎవరు వేశారు?"

టోపీ తీయడానికి వంగాడు.

"చేతులు?"

టోపీ దుమ్ము దులిపాడు.

"పోనీ నువ్వు వేసిందేంటో చెప్పు."

"మొదట గీసింది నేనే," అన్నాడు. "కొంత."

ఇనిడ్ అంది: "తాతయ్య గీత వంకరపోతుంటే చూడలేక ఒకచోట సరిచేశాను, అమ్మమ్మా. తర్వాత ఇంకోచోట. అలా..."

"పళ్లెంలో ఆఖరి ముక్క తిన్నట్టు చెబుతున్నావు. నాకు చూపించాల్సిన బొమ్మ ఇదే కదూ?"

పిల్ల ఏడవలేదు. అందుకు సంతోషించాను. "ఇదే. కానీ నాది అని చెప్పుకోలేను. ఆశ్రమంవాళ్లు తాతయ్య బొమ్మ అడిగారు."

ఆల్వాకు ధైర్యం వచ్చింది. "ఒక్క ఏడాది ఆగమను. న్యాయమూర్తి బొమ్మ ఒప్పుకున్నాను, బ్యాంకువాళ్లవి రెండున్నాయి. అవయ్యాక ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్లనీ. తర్వాత..."

"ఆ మాట నా దగ్గర అనకు."

రాత్రి భోజనం నా గదికి పంపమన్నాను. అతను తినే చప్పుడు భరించలేను.

ఆగస్టు 22

మిసెస్ హోల్‌బ్రూక్ ఇంటికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ పాదం స్టూలు మీద పెట్టుకుని, నేను ముగించేదాకా విని, నవ్వింది.

"ఇప్పుడా తెలిసింది నీకు? ముప్ఫై ఏళ్లు ఆడపిల్లల ఆశ్రమం నడిపినదాన్ని. నా పక్కన నడిచేది ఆడపిల్లో, డెబ్భై ఏళ్ల ముసలాడో నాకు తెలియదా? దొడ్డిదారిన బిస్కట్లకు వచ్చే పిల్లల్ని అడుగుల చప్పుడుతోనే పట్టుకునేదాన్ని."

"తెలిసీ ఊరుకున్నారా?"

"ఎందుకు ఊరుకోను? మంచి బొమ్మ వస్తోంది. కమిటీలో ఉన్న దద్దమ్మలకు కెంప్టన్ పేరు కావాలి, కెంప్టన్ నోటితోనే నిజం చెబితే వాళ్లు కిక్కురుమనరు. ఇంకెవరు చెప్పినా బొమ్మను అటక మీద పడేస్తారు. మీ ఆయన చేత చెప్పించు. ఆ రోజే ఫిలడెల్ఫియాకు నా సంతకంతో ఉత్తరం రాసిస్తాను, పిల్ల వేసిన బొమ్మ ఇదేనని."

వచ్చి ఆల్వాకు చెప్పాను. "చెబుతాను. ఆవిష్కరణ రోజు, అందరిముందు, నేనే చెబుతాను. అంతవరకు నన్ను వదిలెయ్, క్రీషా. నా నోటితో నన్ను చెప్పుకోనీ."

మాట ఇచ్చాడు.

ఆగస్టు 31

అద్దం ముందు ఉపన్యాసం సాధన చేస్తున్నాడు. తలుపు వేసుకున్నాడు. నమ్ముతున్నాను.

సెప్టెంబరు 4, గురువారం

ఆశ్రమం హాలు నిండిపోయింది. ముందు వరసలో తెల్లగౌన్లలో ఆశ్రమం పిల్లలు, వెనక టోపీల మీద చచ్చిన పక్షులను గుచ్చుకున్న ఆడవాళ్లు. ఆకుపచ్చ గుడ్డ తొలగించారు. ఒక చిన్నపిల్ల, "అమ్మో, పెద్దమ్మగారు చూస్తున్నారు!" అని బెంచీ కిందికి దూరింది. హాలంతా చప్పట్లు.

ఆల్వా లేచాడు. కుడిచెయ్యి జేబులో.

"మిత్రులారా, ఈ బొమ్మ వెనక ఒక సంగతి ఉంది. అది ఇవాళ మీకు చెప్పి తీరాలి."

ఇనిడ్ నా మోచెయ్యి పట్టుకుంది.

"ఈ ముఖం మిసెస్ హోల్‌బ్రూక్‌ది. ఈ చేతులు మాత్రం..." జనం ముందుకు వంగారు. "ఈ చేతులు నా భార్యవి. నలభై ఏళ్లుగా నా కళ్లముందే ఉన్నాయి. ఇన్నేళ్లకు, ఈ వయసులో, వీటిని నిజంగా చూసి వేయగలిగాను."

కూర్చున్నాడు.

కమిటీ అధ్యక్షుడు కళ్లు తుడుచుకున్నాడు. పక్షుల టోపీలన్నీ నావైపు తిరిగాయి. ఒకావిడ నా తొడుగు చేతిని తీసుకుని చెంపకు ఆనించుకుంది. ఆవిడ పౌడరు తొడుగుకు అంటింది. అంత చీదర నా జన్మలో ఎరగను.

మిసెస్ హోల్‌బ్రూక్ చేతికర్రతో నా మడమ పొడిచింది. "నువ్వు లేచి చెప్పు."

లేవబోయాను. ఇనిడ్ పట్టు వదల్లేదు. "వద్దు, అమ్మమ్మా. తాతయ్య గడ్డం చూడు, ఎలా వణుకుతోందో."

చూశాను. ఆ వణుకు చేతిది కాదు, మందుతో పోయేదీ కాదు. అతను చెప్పాలనే లేచాడు. చప్పట్లు విన్నాక చెప్పలేకపోయాడు. కూర్చుండిపోయాను.

ఇంటి దగ్గర బండి దిగుతూ, "బాగానే జరిగింది కదూ?" అన్నాడు.

సెప్టెంబరు 5

స్టూడియో తాళంచెవి తీసుకున్నాను. ఇకమీదట నా మెడలోనే ఉంటుంది.

సెప్టెంబరు 6, శనివారం

పొద్దున ఇనిడ్‌ను పైకి పిలిచాను. ఇస్త్రీ చేసిన బూడిదరంగు గౌను వేసుకున్నాను. నాదే. ఉంగరం ఒక్కటే, అదీ నాదే.

"పదిహేనుకు తొమ్మిది రోజులుంది. వేయగలవా?"

"ఎవర్ని?"

"ఇక్కడ ఇంకెవరున్నారు?"

"రంగు ఆరదు, అమ్మమ్మా."

"పల్చగా వెయ్యి. ఇంతకాలం తాత పక్కన కూర్చుని అది కూడా నేర్చుకోలేదా?"

తెర మడిచి గోడకు ఆనించమన్నాను. సూటిగా కూర్చున్నాను.

తలుపు బయట ఆల్వా. "క్రీషా, లోపలికి రానీ. వెలుతురు ఎలా పడాలో పిల్లకు తెలియదు."

"పిల్లకు తెలుసు. వెళ్లి పత్రిక చదువుకో."

"నన్ను నా స్టూడియోలోకే..."

"బీన్స్ ఉడుకుతున్నాయండయ్యగారూ," అంది డీలియా కిందనుంచి. "వచ్చి రుచి చూసి పెట్టండి." వెళ్లాడు.

సెప్టెంబరు 8

ఇన్నేళ్లూ ఆ అడుగులు నా తలమీద నడిచాయి. ఇప్పుడు ఎదురుగా చూస్తున్నాను. పిల్ల గోడ దాకా వెళుతుంది. నిలబడుతుంది. కళ్లు చిట్లించి నన్ను, బొమ్మను, మళ్లీ నన్ను చూస్తుంది. అలా చూస్తుంటే ఎక్కడికీ తప్పుకోలేం. నుదురు దురదపెట్టింది, గోక్కోలేదు. ముందుకు వస్తుంది, ఒక్క దెబ్బ వేస్తుంది, వెళ్లిపోతుంది.

సాయంత్రానికి అలసిపోయాను. అలసట అంత చెడ్డగా లేదు.

సెప్టెంబరు 10

వాన. వెలుతురు లేదు. ఇనిడ్ మెట్లమీద కూర్చుని గోళ్లు కొరుక్కుంది. చేతులు కడుక్కోమన్నాను.

సెప్టెంబరు 13, శనివారం

పూర్తయింది. చూడమంది.

చేతులు ముందే తెలుసు. ముఖం చూశాను. నుదురు మా అమ్మది. కళ్లు పర్వాలేదు. నోరు ఘోరం. కుళ్లిన గుడ్డు పగలగొట్టినదానిలా ముడుచుకుని ఉంది.

"నేను ఇలా ఉంటానా?"

ఇనిడ్ చెవులు ఎర్రబడలేదు. "అన్నివేళలా కాదు. తలుపు బయట తాతయ్య దగ్గినప్పుడల్లా."

తలుపు తెరిచి ఆల్వాను లోపలికి పిలిచాను. నేనే పిలిచాను. పాత అలవాటు ప్రకారం గోడ దాకా వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. పెద్దబరువు అడుగులు.

"బాగుంది," అన్నాడు. నిజాయితీగానే అన్నాడు. "చాలా బాగుంది, తల్లీ. ఆ పెదవుల మూలలు మాత్రం కొంచెం పైకెత్తు. ఆడవాళ్ల నోటి దగ్గర ఎప్పుడూ కాస్త..." అంటూ ముందుకు వచ్చి కుంచె అందుకున్నాడు. కొస బొమ్మకు బెత్తెడు దూరంలో గాలిలో వణికింది.

ఆ చేతి మీద కొట్టాను. కుంచె నేలమీద దొర్లింది.

"దాన్ని ముట్టుకోకు."

మండుతున్న చేతిని రెండోచేత్తో పట్టుకుని బొమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు. బొమ్మ వైపు, నా వైపు. పిల్ల చూసినట్టే.

"నీ నోరు ఎప్పటినుంచి ఇలా ఉంది, క్రీషా?"

"పద్దెనిమిదివందల తొంభై నుంచి."

కుంచె వంగి తీయబోయాడు. ఇనిడ్ తీసి ఇచ్చింది. అతను దాన్ని తిరిగి ఆ పిల్లకే ఇచ్చాడు. "పేరు పెట్టు," అన్నాడు. "కింద కుడివైపు. నేను అక్కడే పెట్టేవాణ్ని."

చిన్న అక్షరాల్లో పెట్టింది. తుడిపించి పెద్దగా పెట్టించాను. ఇనిడ్ వేర్.

సెప్టెంబరు 14, ఆదివారం

రంగు తాకకుండా మూలల్లో చెక్కముక్కలు పెట్టి పెట్టెలో బిగించారు. ఫిలడెల్ఫియాలో ఇచ్చి రావడానికి పిల్ల దాన్ని ఒళ్లో పెట్టుకుని రైలెక్కింది. ఆదివారం నాడు ఈ ఇంట్లోంచి ప్రయాణం ఇదే మొదటిసారి. పాస్టరు చూశాడు. చూడనీ.

సెప్టెంబరు 27

న్యాయమూర్తికీ బ్యాంకువాళ్లకూ తను ఇక బొమ్మలు వేయనని ఆల్వా ఉత్తరాలు చెప్పాడు, నేను రాశాను. సంతకాలు అతనే పెట్టాడు. గొంగళిపురుగు పాకినట్టున్నాయి. తిరగరాయించలేదు.

ఆశ్రమం బొమ్మ కింద ఇత్తడి పలక మీద ఇంకా అతని పేరే ఉంది. దాని సంగతి తేల్చమని మిసెస్ హోల్‌బ్రూక్‌తో చెప్పాడట. చెప్పాడా అని ఆవిడను అడిగాను. చెప్పాడంది. "మీ ఆయన ఎదుట నేనొక్కదాన్నే ఉంటే నిజం బాగానే చెబుతాడు. జనమే పడదు," అంది.

అక్టోబరు 1

ఇనిడ్‌ను తీసుకున్నారు. పరీక్షకుల అభిప్రాయం కూడా రాసి పంపారు. చేతులు అద్భుతమట. "అయితే కూర్చున్నావిడ ముఖంలోని ఏవగింపును చిత్రకారిణి కొంత అతిగా చూపించినట్టుంది."

పిల్లను దిగబెట్టడానికి సోమవారం నేనే వెళుతున్నాను. వాళ్లను సరిచూసుకోమంటాను.

అక్టోబరు 9

నిన్న తిరిగి వచ్చాను. పరీక్షకుడు, సన్నటి మీసాలవాడు, నన్ను చూడగానే లేచి నిలబడి, అభిప్రాయం వెనక్కి తీసుకుంటున్నానన్నాడు.

ఇల్లు కంపు కొట్టడం లేదు. ఎవరూ రంగులు తెరవలేదు. డీలియా కాడ్ చేప వేయించింది. భోజనానికి కూర్చున్నానో లేదో నెత్తిమీద చప్పుడు. ముందుకు, వెనక్కి. బరువుగా, కాలు ఈడుస్తూ. చిమ్నీలు గలగలమన్నాయి.

"అయ్యగారేనమ్మగారూ," అంది డీలియా. "ఈసారి నన్నడక్కండి."

పైకి వెళ్లాను. తాళం నేనే తీసి ఉంచి వెళ్లినట్టున్నాను. మనుషుల్ని కూర్చోబెట్టే వేదిక మీద ఖాళీ కుర్చీ, పక్కన స్టాండు మీద కాగితం. ఆల్వా చేతిలో బొగ్గుముక్క. ఎవరూ లేని కుర్చీని గోడ దగ్గరనుంచి చూస్తున్నాడు. కాగితం మీద ఒక చెయ్యి. గీతలన్నీ పురుగుల్లా వణికి ఉన్నాయి. కణుపు పెద్దదిగా వేశాడు, పైన మచ్చ కూడా పెట్టాడు. అన్నీ తప్పు చోట్ల.

"మచ్చ ఉంగరం వేలికి కాదు, బొటనవేలికి," అన్నాను. "ఎడమచేతికి."

"చూసుకోలేదు," అన్నాడు.

చేప చల్లారిపోతోంది. అయినా వెళ్లి కుర్చీలో కూర్చుని, ఎడమచెయ్యి వెలుతురులో పెట్టాను.

అతను గోడ దాకా వెనక్కి నడిచాడు. నిలబడ్డాడు. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

బొమ్మ ఘోరంగా ఉంది. బొటనవేలు మాత్రం సరిగ్గా వచ్చింది.